మెడికల్ ఎక్విప్‌మెంట్ అప్రెంటిస్ ఫీల్డ్ ఇంజినీర్ ఇంటర్వ్యూ: వరంగల్ చుట్టుపక్కల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో ఉంటూ ఈ చుట్టుపక్కల జిల్లాల దవాఖానల్లో మానిటర్లు, వెంటిలేటర్లు సర్వీస్ చేయబట్టి తొమ్మిదేళ్లయింది. మూడేళ్లుగా అప్రెంటిస్‌లను తీసుకునే ఇంటర్వ్యూల్లో టేబుల్‌కి అవతలి పక్క కూడా కూర్చుంటున్నాను. కాజీపేట, పరకాల, జనగామ, మహబూబాబాద్ నుంచి ఫోన్ చేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో హడావుడిగా చెప్పే బదులు, అన్నీ ఒకచోట తీరిగ్గా రాస్తున్నాను.

అసలు ఈ ఉద్యోగంలో రోజూ చేసే పనేంటి?

కంపెనీ అమ్మిన మెషిన్లను ఆస్పత్రిలో బిగించడం, టైమ్‌కి సర్వీస్ చేయడం, ఆగిపోతే వెళ్లి మళ్లీ నడిపించడం. మేం వాడే మాటల్లో ఇన్‌స్టలేషన్, పీఎం, బ్రేక్‌డౌన్ కాల్. పీఎం అంటే ప్రివెంటివ్ మెయింటెనెన్స్. మెషిన్ బాగానే నడుస్తున్నా మూడు నెలలకో ఆరు నెలలకో వెళ్లి, ఫిల్టర్ శుభ్రం చేసి, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో చూసి, క్యాలిబ్రేషన్ (కొలత సరిగ్గా చూపిస్తుందా లేదా) సరిచూసి, సర్వీస్ రిపోర్ట్ మీద సంతకం తీసుకుని రావడం.

అప్రెంటిస్‌గా మొదటి నెలల్లో సీనియర్ వెంట టూల్ బ్యాగ్ పట్టుకుని తిరుగుతారు. రిపోర్టులు రాస్తారు, కొరియర్ ఆఫీసు నుంచి స్పేర్లు తెస్తారు, పాత పార్టులు ప్యాక్ చేసి వెనక్కి పంపుతారు. పొద్దున నక్కలగుట్టలో ఒక ప్రైవేట్ ఆస్పత్రి, మధ్యాహ్నం వరంగల్‌లోని పెద్ద ప్రభుత్వ దవాఖాన ఎంజీఎం, సాయంత్రం ఇంటికి బయల్దేరుతుండగా ములుగు నుంచి ఫోన్. ఇలా ఉంటుంది రోజు.

ఒకప్పుడు పెద్ద మెషిన్ ఆగితే హైదరాబాద్ నుంచి ఇంజినీర్ వచ్చేదాకా ఎదురుచూసేవాళ్లు. ఇప్పుడు మన వైపు ప్రభుత్వ మెడికల్ కాలేజీలే ఎన్ని వచ్చాయో చూడండి. 2022లో మహబూబాబాద్, మంచిర్యాల, జగిత్యాల, రామగుండం. 2023లో జనగామ, భూపాలపల్లి, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్. కాలేజీ వచ్చిందంటే దానితో ఆస్పత్రి, ఐసీయూ బెడ్లు, ల్యాబ్ అన్నీ పెరుగుతాయి. అంత దూరం నుంచి రోజూ మనిషిని పంపడం కంపెనీకి కుదరదు. ఇక్కడి దారులు తెలిసిన, ఇక్కడే ఉండే మనిషి కావాలి. ఇంటర్వ్యూలో మీ ఊరి పేరు చెప్పడానికి ఎందుకు మొహమాటపడతారో నాకు అర్థం కాదు. ఈ ఉద్యోగంలో అదే మీ బలం.

నేను బయోమెడికల్ చదవలేదు. ఈసీఈ డిప్లొమా. పిలుస్తారా?

పిలుస్తారు. నేనూ ఈసీఈ డిప్లొమానే. ఈఈఈ, ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లను కూడా తీసుకుంటారు. ఐటీఐ ఎలక్ట్రానిక్స్ వాళ్లకు కొన్ని కంపెనీల్లో టెక్నీషియన్ అప్రెంటిస్ అని వేరే పోస్టు ఉంటుంది. నోటిఫికేషన్‌లో ఏ బ్రాంచ్, ఏ సంవత్సరం పాసైన వాళ్లు అన్నది చదివి అప్లై చేయండి. బ్యాక్‌లాగ్ ఉంటే దాచకండి, సర్టిఫికెట్ల దగ్గర బయటపడుతుంది.

ఇంటర్వ్యూ ఎక్కడ జరుగుతుంది? ఎన్ని రౌండ్లు?

ఎక్కువగా హైదరాబాద్ ఆఫీసులో. ముందు ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడతారు, తర్వాత టెక్నికల్, చివర హెచ్‌ఆర్. కొన్నిచోట్ల టెక్నికల్, హెచ్‌ఆర్ ఒకే గదిలో అయిపోతాయి. పదింటికి ఇంటర్వ్యూ అయితే అదే పొద్దున హనుమకొండలో బస్సెక్కి ఉప్పల్‌లో దిగి పరుగెత్తొద్దు. ఘట్‌కేసర్ దాటాక ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే అయిపోయినట్టే. ముందు రోజు రాత్రికే వెళ్లి తెలిసినవాళ్ల ఇంట్లో పడుకోండి, లేదంటే కాజీపేటలో తెల్లవారుజాము ట్రైన్ పట్టుకోండి.

టెక్నికల్ రౌండ్‌లో ఏం అడుగుతారు? పుస్తకంలో ప్రశ్నలేనా?

కొన్ని పుస్తకంలోవే. ఓమ్స్ లా, ట్రాన్స్‌ఫార్మర్, రెక్టిఫైయర్, ఎస్‌ఎంపీఎస్ (మెషిన్ లోపలి పవర్ సప్లై) ఎలా పనిచేస్తుంది, మల్టీమీటర్‌తో కంటిన్యుటీ ఎలా చూస్తారు, ఫ్యూజ్ పోతే వెంటనే ఇంకోటి వేసేస్తారా లేక ఎందుకు పోయిందో చూస్తారా. ఇవి రావాలి. రాకపోతే మిగతా ఏం చెప్పినా నిలబడదు.

కానీ మనిషిని అంచనా వేసేది వాటితో కాదు. మా టేబుల్ మీద ఒక పాత ఎస్‌పీఓ2 ప్రోబ్ ఉంటుంది. వేలికి క్లిప్పులా పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసేది. దాన్ని చేతికిచ్చి "ఇది పనిచేయట్లేదు, చూడండి" అంటాం. పక్కనే మానిటర్ ఉంటుంది.

చాలామంది ప్రోబ్‌ని టేబుల్ మీదే వదిలేసి థియరీ మొదలుపెడతారు. ఎర్ర కాంతి 660 నానోమీటర్లు, ఇన్‌ఫ్రారెడ్ 940 నానోమీటర్లు, ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్ ఒకదాన్ని ఎక్కువ పీల్చుకుంటుంది, లేనిది ఇంకోదాన్ని. అంతా కరెక్టే. కానీ ప్రోబ్ అక్కడే పడి ఉంది.

పోయినసారి పరకాల వైపు నుంచి ఒకబ్బాయి వచ్చాడు. ఏమీ మాట్లాడకుండా ప్రోబ్‌ని మానిటర్‌కి పెట్టి, క్లిప్ తెరిచి లోపల ఎర్ర లైట్ వెలుగుతుందా అని చూశాడు. వెలగలేదు. క్లిప్ దగ్గర నుంచి కేబుల్‌ని రెండు వేళ్లతో పట్టుకుని కొంచెం కొంచెంగా వంచుకుంటూ కనెక్టర్ దాకా వచ్చాడు. కనెక్టర్‌కి రెండంగుళాల ముందు వంచగానే లైట్ మినుకుమంది. వదిలేస్తే పోయింది. మళ్లీ వంచాడు, మళ్లీ వచ్చింది. అప్పుడు తలెత్తి, "సార్, ఇక్కడ లోపల వైరు తెగినట్టుంది. ఇంకో ప్రోబ్ ఉంటే పెట్టి చూస్తా, మానిటర్‌లో తప్పు లేదని కూడా తేలిపోతది" అన్నాడు. తర్వాత వేవ్‌లెంగ్త్‌లు అడిగితే ఒకటి తప్పు చెప్పాడు. తీసుకున్నాం.

ఆ నంబర్ రేపు నేర్పొచ్చు. చూసి, తాకి, ఒక్కో అనుమానాన్నీ పక్కకు తీసేసుకుంటూ వచ్చే అలవాటును ఏడాదిలో నేర్పడం చాలా కష్టం.

"ఇలా జరిగితే ఏం చేస్తారు" అని పరిస్థితి చెప్పి అడుగుతారట. ఎలా జవాబు చెప్పాలి?

ఒకటి విప్పి చూపిస్తాను. నేను తరచూ అడిగేది ఇది. ఇందులో సాచురేషన్ అంటే ఇందాకటి ఆక్సిజన్ శాతమే. ఐసీయూ నుంచి సిస్టర్ ఫోన్ చేసింది: "అన్నా, మూడో బెడ్ మానిటర్ల సాచురేషన్ వస్తది పోతది. ఐదు నిమిషాలు మంచిగనే ఉంటది, మళ్లా పోతది." ఏం చేస్తారు?

"బోర్డు మారుస్తాను సార్" అంటే నాకు గుండె గుభేలుమంటుంది. బోర్డు ఖరీదు సంగతి పక్కన పెట్టండి, అక్కడ ఒక పేషెంట్ ఉన్నాడు. మొదటి మాట ఎప్పుడూ పేషెంట్ గురించే ఉండాలి. "సిస్టర్, ముందు పేషెంట్ ఎలా ఉన్నాడు చూడండి, చేతిలో పట్టుకునే ఇంకో ఆక్సీమీటర్ ఉంటే వేలికి పెట్టి చూడండి." నిజంగానే సాచురేషన్ పడిపోతుంటే మానిటర్ తన పని తాను చేస్తున్నట్టే. మనం ఇంజినీర్లం, చికిత్స గురించి మాట్లాడం. మెషిన్ చెబుతున్నది నిజమా కాదా అని తేల్చడం మన పని.

ఆ తర్వాత ఆలోచించాల్సింది ఆ "ఐదు నిమిషాలు" అన్న మాట. ఐదు నిమిషాలకోసారి జరిగేది ఇంకేముంది? బీపీ. మానిటర్‌లో ఆటో బీపీ ఐదు నిమిషాలకు పెట్టి ఉంటే, పట్టీ గాలి నిండి చేతిని బిగించినప్పుడల్లా ఆ చేతి వేళ్లకు రక్తం సరిగా అందదు. ప్రోబ్ అదే చేతికి ఉంటే సాచురేషన్ పోతుంది, పట్టీ వదలగానే తిరిగొస్తుంది. ప్రోబ్‌ని రెండో చేతికి మార్చమంటే సమస్య తీరిపోతుంది. మనిషి వెళ్లక్కర్లేదు, స్క్రూడ్రైవర్ తీయక్కర్లేదు.

ఈ జవాబే కావాలని మేం పట్టుబట్టం. అయినా కొందరు "బీపీ పట్టీ ఏ చేతికి ఉంది సార్?" అని తిరిగి అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నతో గదిలో వాతావరణం మారిపోతుంది. ప్యానెల్‌ని తిరిగి ప్రశ్నలు అడగడం తప్పు కాదు. ఫీల్డ్‌లో సగం రిపేరు ఫోన్‌లో అడిగే ప్రశ్నల్లోనే ఉంటుంది. ఎప్పటి నుంచి? ఒక్క బెడ్‌లోనేనా, అన్నింట్లోనా? కరెంట్ పోయి వచ్చాక మొదలైందా? ఎవరైనా మెషిన్‌ని వేరే గదికి జరిపారా?

తెలియకపోతే తెలియదని చెప్పొచ్చా? మార్కులు పోవా?

నా మొదటి ఇంటర్వ్యూలో వెంటిలేటర్ మీద పనిచేశానని చెప్పాను. నిజానికి కాలేజీ టూర్‌లో దూరం నుంచి చూశానంతే. ఆక్సిజన్ సెన్సర్ ఎక్కడుంటుంది, అది అయిపోతే స్క్రీన్ మీద ఏం కనిపిస్తుంది అని అడిగారు. గొంతు ఎండిపోయింది. ఇంటర్వ్యూ చేస్తున్న ఆయనకు కోపం రాలేదు. ఫైల్ మూసి, "రేపు ఐసీయూలో కూడా ఇట్లనే చెప్తావా?" అన్నాడు. కాజీపేట దాకా ట్రైన్‌లో అదే మాట చెవిలో మోగింది. ఆ ఉద్యోగం రాలేదు, రాకపోవడమే న్యాయం.

అందుకే చెబుతున్నా. "ఈ మెషిన్ నేను చూడలేదు సార్. కానీ ముందు పవర్ వస్తుందా చూస్తాను, ఎర్రర్ కోడ్ రాసుకుంటాను, సర్వీస్ మాన్యువల్‌లో వెతుకుతాను, అప్పటికీ తేలకపోతే సీనియర్‌కి ఫోన్ చేస్తాను." ఈ జవాబుకు మార్కులు పోవు, పెరుగుతాయి. తెలియదని ఒప్పుకుని అక్కడే ఆగిపోతే మాత్రం సగం జవాబే. తర్వాత ఎలా తెలుసుకుంటారో కూడా చెప్పాలి.

ఏ మెషిన్ల గురించి చదువుకుని వెళ్లాలి?

ముందు ఆ కంపెనీ ఏం అమ్ముతుందో చూడండి. డయాలసిస్ కంపెనీకి వెళ్లి ఎక్స్‌రే ట్యూబ్ గురించి చెబితే ఏం లాభం? తర్వాత ఆ మెషిన్ గురించి మూడు విషయాలు పట్టుకోండి: ఏం కొలుస్తుంది లేదా ఏం చేస్తుంది, లోపల ముఖ్యమైన భాగాలేంటి, ఎక్కువగా ఏం చెడిపోతుంది.

పేషెంట్ మానిటర్, ఈసీజీ అందరికీ రావాలి. 12 లీడ్ల ఈసీజీకి ఒంటి మీద పెట్టే ఎలక్ట్రోడ్లు 10 మాత్రమే. ఎందుకని అడుగుతారు. గీత సన్నగా రాకుండా గుబురుగా, మందంగా వస్తోందంటే 50 హెర్ట్జ్ కరెంట్ చొరబడుతోందని అర్థం. ఎలక్ట్రోడ్ జెల్ ఎండిపోయిందా, కేబుల్ తెగిందా, ఎర్తింగ్ ఉందా అని చూసుకుంటూ పోవాలి. మన దగ్గర మే నెలలో ఎర్త్ పిట్‌లు పూర్తిగా ఎండిపోతాయి. పిట్‌లో నాలుగు బకెట్ల నీళ్లు పోయిస్తే ఈసీజీ గీత శుభ్రమైన సందర్భాలు నేను చూశాను. ఇలాంటి జవాబు పుస్తకాల్లో దొరకదు, ఇంటర్వ్యూలో చెబితే వినేవాళ్లకు ముచ్చటేస్తుంది.

వెంటిలేటర్ అయితే గాలి ఎంత పోతుందో కొలిచే ఫ్లో సెన్సర్, ఊపిరి బయటికి వదిలే దారిలో ఉండే ఎక్స్‌పిరేటరీ వాల్వ్, ఆక్సిజన్ శాతం కొలిచే సెన్సర్, అంటే ఆక్సిజన్ సెల్. ఆ సెల్ వాడినా వాడకపోయినా కాలంతో అయిపోయే రకం అయితే మార్చుకుంటూ పోవాల్సిందే. క్యాలిబ్రేషన్‌కి గాలిలోని 21 శాతం, పైప్‌లైన్‌లోని 100 శాతం ఆక్సిజన్ రెండూ వాడతారు. డయాలసిస్‌లో వాడే ద్రవం కండక్టివిటీ (కరెంట్‌ని ఎంత పోనిస్తుందన్నది) సుమారు 14 మిల్లీసీమెన్స్ దగ్గర ఉండాలి, ద్రవం ఒంటి వేడికి దగ్గరగా ఉండాలి, గాలి బుడగ పట్టే డిటెక్టర్, రక్తం లీకైతే పట్టే డిటెక్టర్ ఉంటాయి. మెషిన్ కన్నా ముందు ఆర్‌ఓ ప్లాంట్ చూడాలి. మన బోరు నీళ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ల్యాబ్ వైపు అయితే సెల్ కౌంటర్‌లో సన్నటి రంధ్రం గుండా కణం దాటినప్పుడు రెసిస్టెన్స్ మారడాన్ని ఎలా లెక్కపెడతారో, బయోకెమిస్ట్రీ అనలైజర్‌లో ల్యాంప్ బలహీనపడితే రిజల్ట్ ఎందుకు తప్పుతుందో తెలిస్తే మొదటి రౌండ్‌కి చాలు.

మెషిన్ ముట్టుకునే అవకాశమే లేదు. ఎలా ప్రాక్టీస్ చేయాలి?

2021లో కరోనా రెండో వేవ్ అప్పుడు చాలా ఇళ్లలో వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ కొన్నారు. అల్మారాలో వెతకండి, లేదా బంధువుల్ని అడగండి. బ్యాటరీ వేసి మీ వేలికి పెట్టండి. తర్వాత ఐస్ పట్టుకుని చల్లబడిన వేలికి పెట్టండి. నెయిల్ పాలిష్ ఉన్న గోరుకు పెట్టండి. చేయి ఊపుతూ చూడండి. ఎండలోకి తీసుకెళ్లి చూడండి. ఎప్పుడెప్పుడు రీడింగ్ తడబడుతుందో నోట్‌బుక్‌లో రాసుకోండి. ఫోన్ ముందు కెమెరాతో క్లిప్ లోపలికి చూస్తే, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ లైట్ చాలా ఫోన్లలో లేత ఊదాగా కనిపిస్తుంది. ఒక సాయంత్రం చాలు. ఇంటర్వ్యూలో "నేను చేసి చూశాను" అనగలిగే విషయం ఒకటి మీ చేతిలో ఉంటుంది.

ఆస్పత్రి వార్డులోకి చెప్పకుండా వెళ్లి మెషిన్లు చూడాలనుకోకండి. అది పేషెంట్లు ఉండే చోటు. తెలిసిన క్లినిక్ ఉంటే డాక్టర్‌ని అడిగి, మూలన పడేసిన నెబ్యులైజరో, పాత సక్షన్ మెషినో ఇంటికి తెచ్చి, ప్లగ్ తీసేసి విప్పి చూడండి. మీ ఇంటి మిక్సీ, స్టెబిలైజర్ రిపేర్ చేసిన అనుభవం కూడా పనికొస్తుంది, నిజంగా మీరే చేసి ఉంటే.

సేఫ్టీ గురించి అడుగుతారా?

తప్పకుండా. నా లెక్కలో ఇక్కడ తప్పు చెబితే మిగతా అన్నీ సరిగ్గా చెప్పినా తీసుకోకూడదు.

గుండెకు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ లోపల ఆ కరెంట్‌ని నిల్వ చేసే కెపాసిటర్ ఉంటుంది. బైఫేజిక్‌ది (షాక్‌ని రెండు దిశల్లో ఇచ్చే రకం) 200 జౌళ్ల దాకా, కొన్ని ఇంకా ఎక్కువ ఇస్తాయి. ప్లగ్ తీసేసినంత మాత్రాన అది ఖాళీ అయినట్టు కాదు. టెస్ట్ చేసేటప్పుడు 50 ఓమ్‌ల లోడ్ ఉన్న అనలైజర్‌లోకే వదలాలి. త్రీ పిన్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ విరిచేసి టూ పిన్ సాకెట్‌లో పెట్టడం మన ఇళ్లలో చూస్తుంటాం. ఆస్పత్రిలో అలా కనిపిస్తే మెషిన్ ఆన్ చేయకండి. గుండెకు నేరుగా తగిలే భాగాలున్న మెషిన్లలో మామూలుగా ఉండదగిన లీకేజీ పరిమితి 10 మైక్రో ఆంపియర్లు. అంత చిన్న కరెంట్ మన చేతికి తెలియనే తెలియదు.

ఎక్స్‌రే కంపెనీ అయితే ఏఈఆర్‌బీ, అంటే అణుశక్తి నియంత్రణ బోర్డు, పేరు తెలియాలి. లైసెన్స్, రెండేళ్లకోసారి క్వాలిటీ అష్యూరెన్స్ టెస్ట్, రేడియేషన్ లెక్క చూపే టీఎల్‌డీ బ్యాడ్జ్. మెడికల్ డివైజెస్ రూల్స్ 2017లో వచ్చి 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయని, రిస్క్‌ని బట్టి ఏ, బీ, సీ, డీ అని తరగతులున్నాయని తెలిస్తే బాగుంటుంది.

ఇంకోటి చాలామంది మర్చిపోతారు. రక్తం, కఫం తగిలిన మెషిన్ మీ చేతికొస్తుంది. గ్లోవ్స్ వేసుకుంటాను, ముందు శుభ్రం చేయించి ముట్టుకుంటాను, పని అయ్యాక చేతులు కడుక్కుంటాను అని మీ అంతట మీరే చెప్పండి.

"మీరు చేసిన తప్పు ఒకటి చెప్పండి" అంటే ఏం చెప్పాలి?

నిజంగా చేసిందే చెప్పండి. "నేను మరీ ఎక్కువ కష్టపడతాను సార్" లాంటివి వద్దు.

నా అప్రెంటిస్ రోజుల్లో ఒక ఆస్పత్రిలో మానిటర్‌కి పీఎం చేస్తూ, అలారం మోగుతుంటే చిరాకేసి సౌండ్ పూర్తిగా తగ్గించాను. పని అయిపోయింది, రిపోర్ట్ రాశాను, సంతకం కూడా తీసుకున్నాను. సౌండ్ తిరిగి పెంచడం మర్చిపోయాను. మెట్లు దిగుతుంటే సిస్టర్ వెనక నుంచి పిలిచింది. "తమ్మీ, దీని గొంతు ఎవలు నొక్కిన్రు?" ఆ బెడ్ మీదికి ఇంకా పేషెంట్‌ను తేలేదు. అరగంట ఆగితే తెచ్చేవాళ్లు. అప్పటి నుంచి నా రిపోర్ట్‌లో సంతకానికి ముందు ఆఖరి లైన్ నేనే చేత్తో రాస్తాను: అలారం వినిపిస్తోంది. ఇప్పటికీ రాస్తాను.

మీ తప్పు ల్యాబ్‌లో ఐసీ కాల్చిందే కావచ్చు. ఏం జరిగింది, ఎవరికి చెప్పారు, మళ్లీ జరగకుండా ఏం మార్చుకున్నారు. ఈ మూడూ ఉంటే చాలు.

డాక్టర్ అరిస్తే ఏం చేస్తారు అని అడిగారు. నాకు జవాబు రాలేదు.

ఆపరేషన్ మధ్యలో మెషిన్ ఆగితే ఎవరైనా అరుస్తారు. ఆ కోపం మీ మీద కాదు. వాదించకండి, నేల చూపులూ చూడకండి. "సార్, పది నిమిషాల్లో చూసి చెప్తాను. అప్పటిదాకా పక్క మెషిన్ వాడుకోవచ్చా?" అని, పది నిమిషాలన్నారు కాబట్టి పదో నిమిషానికి వెళ్లి చెప్పండి. తేలకపోయినా తేలలేదనే చెప్పండి. స్పేర్ మూడు రోజులకు వస్తుందని తెలిసీ "రేపొస్తది సార్" అనేవాళ్ల ఫోన్ ఆస్పత్రి వాళ్లు రెండోసారి ఎత్తరు. జాతీయ ఆరోగ్య మిషన్ కింద 2015లో పరికరాల నిర్వహణ కార్యక్రమం పెట్టినప్పుడు జిల్లా ఆస్పత్రుల్లో 95 శాతం, సీహెచ్‌సీల్లో (సామాజిక ఆరోగ్య కేంద్రాలు) 90 శాతం, పీహెచ్‌సీల్లో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు) 80 శాతం సమయం మెషిన్లు నడవాలని లక్ష్యం పెట్టారు. దీన్నే అప్‌టైమ్ అంటారు. ఈ మాట ఇంటర్వ్యూలో వస్తుంది.

నాది తెలుగు మీడియం. ఇంగ్లిష్‌లో మాట్లాడలేను.

మొదటి రెండు నిమిషాలు, మీ పరిచయం వరకు, ఇంగ్లిష్‌లో ప్రాక్టీస్ చేసుకోండి. తర్వాత "తెలుగులో చెప్పవచ్చా సార్" అని అడగండి. మన వైపు ప్యానెల్‌లో చాలామంది ఒప్పుకుంటారు. మాన్యువల్ చదివి అర్థం చేసుకోగలగాలి, సర్వీస్ రిపోర్ట్‌లో నాలుగు లైన్లు ఇంగ్లిష్‌లో రాయగలగాలి. ఏం కంప్లయింట్, ఏం చూశాను, ఏం చేశాను, ఇప్పుడెలా ఉంది. ఇంట్లో ఫ్యాన్ రిపేర్ చేసినా ఇలా నాలుగు లైన్లు రాయడం అలవాటు చేసుకోండి. కొన్ని ఇంటర్వ్యూల్లో అక్కడికక్కడే రాయిస్తారు కూడా.

అమ్మాయిలు అప్లై చేయొచ్చా? ఇంట్లో రాత్రి కాల్స్ అంటే ఒప్పుకోవట్లేదు.

చేయొచ్చు, చేయండి. నాతో పనిచేసిన వాళ్లలో ల్యాబ్ అనలైజర్ల మీద అందరికన్నా ఓపికగా పనిచేసింది ఒక అమ్మాయే. రాత్రి కాల్స్, దూరం ఊళ్లు, కంపెనీ వాహనం ఇస్తుందా, ఒంటరిగా పంపుతారా అన్నవి ఇంటర్వ్యూలోనే సూటిగా అడగండి. అబ్బాయిలూ అడగాలి. రాత్రిపూట ఏటూరునాగారం అడవి దారిలో బైక్ మీద వెళ్లడం ఎవరికీ మంచిది కాదు.

స్టైపెండ్ ఎంత? సర్టిఫికెట్లు, డిపాజిట్ అడుగుతారా?

అప్రెంటిస్‌షిప్ అంటే 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం కింద చేసుకునే ఒప్పందం. 2019లో సవరించిన నిబంధనల్లో కనీస స్టైపెండ్ డిగ్రీ వాళ్లకు నెలకు 9,000, డిప్లొమా వాళ్లకు 8,000 రూపాయలుగా పెట్టారు. కంపెనీలు అంతకన్నా ఎక్కువ ఇవ్వొచ్చు. చేరే ముందు కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ వెబ్‌సైట్ అయిన నాట్స్ పోర్టల్‌లో ఇప్పటి రేటు చూసుకోండి. బస్సు, పెట్రోల్, బయట తిండి ఖర్చులు స్టైపెండ్‌లోంచేనా, విడిగా ఇస్తారా అన్నది తప్పక అడగాలి. ఈ ఉద్యోగంలో తేడా అంతా అక్కడే ఉంటుంది. అప్రెంటిస్‌షిప్ అయ్యాక పర్మనెంట్ చేయడం కంపెనీ పాలసీని బట్టే. పోయినేడు చేరినవాళ్లలో ఎంతమంది ఉన్నారని అడిగితే అర్థమైపోతుంది.

ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, వదిలి రాకండి. ట్రైనింగ్ ఫీజు, డిపాజిట్, యూనిఫామ్ డబ్బులు అంటూ చేరకముందే ఎవరైనా అడిగితే లేచి వచ్చేయండి.

చివర్లో "మీరేమైనా అడుగుతారా" అంటే?

నేను మొదటి మూడు నెలలు ఎవరితో వెళ్తాను? ఏ మెషిన్ మీద ట్రైనింగ్ ఇస్తారు? నా ఏరియా ఎక్కడిదాకా? ఈ మూడూ అడగండి. ఏరియా అన్నది చిన్న మాట కాదు. వరంగల్ అని తీసుకుని ఆదిలాబాద్ దాకా తిప్పే వాళ్లున్నారు.

సెలెక్ట్ అయ్యాను. మొదటి రోజు ఏం తీసుకెళ్లాలి?

అడుగు జారని బూట్లు, ఆస్పత్రి నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. జేబులో పట్టే నోట్‌బుక్, రెండు పెన్నులు. ఒకటి ఎవరో సంతకం పెట్టి జేబులో వేసుకుని వెళ్లిపోతారు. మల్టీమీటర్ కంపెనీ ఇస్తుంది. అయినా సొంతది ఒకటి ఉంటే బ్యాటరీ చూసుకుని బ్యాగ్‌లో పెట్టుకోండి. ఉంగరం, చేతి గొలుసు ఇంట్లో తీసి పెట్టండి. పొద్దున తిని వెళ్లండి. మొదటి కాల్ ఎంజీఎం నుంచైతే మధ్యాహ్నం భోజనం ఏ టైమ్‌కో చెప్పలేం.